వణికే చేతితో మందు కలిపాను

నా చేయి వణకడం చూసి, ఈ కంపౌండర్ నెల రోజులు కూడా నిలవడని సిద్దిపేటలో అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ముప్ఫై ఏళ్లు దాటి నిలిచాను. గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరనుకుంటే నాకేం అభ్యంతరం లేదు, చెప్పుకోవడానికే కూర్చున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్లు ఇక్కడ రాయను. వాటి కాగితాలు ఏదో పెట్టెలో ఉన్నాయి, చెదలు చదువుకుంటాయి.

దవాఖానల్లో, మందుల దుకాణాల్లో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. పనిలో అన్నిటికంటే కష్టమైనదేదని అడుగుతారు. నాకు రెండు జబ్బులు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి చేతిది, ఒకటి మనసుది. చేతి జబ్బు ఊరందరికీ కనపడేది. మనసు జబ్బు నాకే కనపడేది కాదు. ఆ రెండింటినీ పెట్టుకుని, విషాలు కొలిచే ఉద్యోగం పోగొట్టుకోకుండా, ఎవరి ప్రాణమూ తీయకుండా ఎట్లా నెగ్గుకొచ్చానో రాస్తున్నాను. ఇవన్నీ పంతొమ్మిది వందల నలభైల నాటి సంగతులు, నైజాం రాజ్యం రోజులవి. దవాఖాన పేరు మాత్రం రాయను.

చెయ్యి

మా బాపుకూ చేయి వణికేది. ఆయన సాసర్లో చాయ్ పోసుకుంటే సగం ధోవతే తాగేది. నాకు ఇరవై రెండో ఏట మొదలైంది. చేయి ఒళ్లో పెట్టుకుంటే నిమ్మళంగా ఉండేది. ఏదైనా పట్టుకోబోతే, అందులోనూ ఎవరైనా చూస్తుంటే, వణుకు అందుకునేది.

అప్పటి కంపౌండర్ పని ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇప్పుడు మాత్రలు కంపెనీ నుంచి పట్టీల్లో వస్తున్నాయి, కత్తిరించి ఇస్తే అయిపోయింది. అప్పుడు రోగి డాక్టర్ రాసిన చీటీ, ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ సీసా కిటికీలోంచి లోపలికి ఇచ్చేవాడు. నేను ఒక్కొక్క మందూ కొలిచి, కలిపి, సీసాలో పోసేవాణ్ణి. తరువాత ఒక కాగితం పట్టీకి వరుసగా గాట్లు కత్తిరించి సీసాకు నిలువునా అంటించేవాణ్ణి. ఒక గాటు దిగేదాకా తాగితే ఒక పూట మందు. చదువురాని వాళ్లు ఆ గాట్లు చూసుకునే తాగేవాళ్లు.

కొన్ని మందులు ఔన్సుల్లో కొలుస్తాం, కొన్ని చుక్కల్లో. చుక్కల్లో కొలిచేవన్నీ దాదాపు విషాలే. అవి గోడకున్న చిన్న అల్మారీలో తాళం వేసి ఉండేవి. ఆ తాళం చెవి కంపౌండర్ నడుముకు ఉండాలి, వేరెవ్వరి దగ్గరా ఉండకూడదు. అది రూలు.

నా గాట్లు వంకరటింకరగా వచ్చేవి. నారాయణరావుపేట నుంచి వచ్చే ఒక ముసలాయన సీసా ఎత్తి చూసి, దీన్ని కంపౌండర్ కత్తిరించిండా ఎలుక కొరికిందా అని నలుగురి ముందూ అడిగేవాడు. వరుసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి కానీ లోపల ఒళ్లు మండేది. పొద్దున్నే తాగి వస్తాడని కూడా ఊళ్లో అనుకునేవాళ్లు. తమాషా ఏమిటంటే, తాగితేనే నా వణుకు తగ్గేది. ఒక ముంత కల్లు పడితే గంటా రెండు గంటలు చేయి అందరి చేతిలాగే ఉండేది. నాలుగైదు నెలలు ఆ పనీ చేశాను, దాచను. చేయి బాగైంది, మనిషి చెడ్డాడు. ఇంటికి పోయాక గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. అందుకే మానేశాను. మీకు ఎవరైనా అట్లాంటి చిట్కా చెబితే, చెప్పినవాడు సాయంత్రం ఎట్లా ఉంటాడో ఒకసారి చూసి రండి.

కల్లు మానేశాక పద్ధతి నేర్చుకున్నాను. కొలత గ్లాసును గాల్లో పట్టుకుని పోయడం కంపౌండర్లకు అలవాటు, అదొక షోకు. నేను గ్లాసును బల్ల మీదే ఉంచి, వంగి, కంటిని గీతకు సమానంగా తెచ్చి పోసేవాణ్ణి. మోచేయి పక్కటెముకలకు ఆనించి, మణికట్టు కింద జొన్నలు నింపిన చిన్న సంచి పెట్టుకునేవాణ్ణి. చుక్కల మందైతే లెక్క బయటికి వినపడేట్టు చెప్పుకుంటూ పోసేవాణ్ణి. ఒక్క చుక్క అనుమానం వచ్చినా గ్లాసు పారబోసి మళ్లీ మొదలు. కిటికీ దగ్గర జనం గునిసేవాళ్లు. గునిసినా సరే, వణికే చేతితో నేను పోసిన మందులో తేడా వచ్చిందని ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

మనసు

మనసు సంగతి వేరు. ఏడాదిలో రెండు మూడుసార్లు నాకు ఒంట్లో దీపం ఆరిపోయినట్టయ్యేది. అన్నం సయించదు. మాట మాట్లాడాలంటే బావిలోంచి నీళ్లు తోడినంత పని. నేను ఎందుకూ పనికిరానని, నా వల్ల అందరికీ కష్టమేనని ఒకటే ఆలోచన. మూడు నాలుగు వారాలు అట్లా ఉండి, దానంతటదే తొలగిపోయేది.

మరికొన్నిసార్లు దీనికి పూర్తిగా తిరగబడేది. నిద్ర ఉండదు, అలసట ఉండదు. ప్రపంచంలో నేను చేయలేని పని లేదనిపించేది. ఒకసారి మందు జాడీలన్నిటినీ రంగుల వరుసలో సర్దేశాను. ఎర్రవన్నీ ఒక పక్క, పసుపువన్నీ ఒక పక్క. డాక్టర్ సాబుకు పొద్దున దగ్గు మందు దొరక్క తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రోజుల్లో ఎవరితోనైనా మాట మొదలుపెడితే వాళ్లు తప్పించుకుని పోవాల్సిందే.

దిగులు వచ్చినప్పుడు అది జబ్బని కొంతైనా తెలిసేది. హుషారు వచ్చినప్పుడు తెలిసేది కాదు. హమ్మయ్య, బాగైపోయాను అనుకునేవాణ్ణి. నా మొత్తం కథలో ప్రమాదమంతా అక్కడే ఉంది.

నంగునూరు పిల్ల

అట్లాంటి హుషారు రోజుల్లోనే, నంగునూరు నుంచి ఎల్లయ్య అనే రైతు తన బిడ్డను తెచ్చాడు. ఐదేళ్ల పిల్ల, కోరింత దగ్గు. దగ్గి దగ్గి మొహం కమిలిపోయింది. డాక్టర్ సాబు దగ్గు మందులో బెల్లడోనా చుక్కలు వేసి ఇమ్మని రాశాడు. ఆ దగ్గుకు అప్పట్లో అదే వైద్యం. కొన్ని చుక్కలైతే మందు, ఎక్కువైతే విషం.

ఆ రోజు నా చేయి వణకడం లేదని నాకు గట్టిగా అనిపించింది. ఈలపాట పాడుకుంటూ ముగ్గురి పని ఒక్కణ్ణే చేస్తున్నాను. జొన్నల సంచి అక్కర్లేదనిపించింది. చుక్కల గ్లాసు కూడా అక్కర్లేదనిపించింది. కంటి అంచనాతో సీసాలోకి నేరుగా పోసి, గాట్ల పట్టీ అంటించి ఇచ్చాను. ఎల్లయ్య దండం పెట్టి పోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఎడ్లబండిలో పిల్లను మళ్లీ తెచ్చారు. మొహం ఎర్రగా కందింది. నోరు ఎండిపోయింది. లేని వస్తువును గాల్లోంచి ఏరుకుంటున్నట్టు వేళ్లు ఆడిస్తూ ఏదేదో మాట్లాడుతోంది. గాలి సోకిందని పొద్దున ఊళ్లో దిగదుడిచారట, తగ్గకపోతే ఇక్కడికి తెచ్చారట. డాక్టర్ సాబు నుదుటి మీద చేయి వేసి, జ్వరం మెదడుకెక్కిందేమోనన్నాడు. నేను ఆయన వెనక నుంచి పిల్ల కళ్లు చూశాను. నల్లగుడ్డు కన్నంతా పరచుకుని ఉంది. బెల్లడోనా ఎక్కువైతే కళ్లు అట్లాగే అవుతాయి.

నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తండ్రి గాలి అంటున్నాడు, డాక్టర్ జ్వరం అంటున్నాడు. నా ఉద్యోగం, నా పెళ్లాం పిల్లలు, ఊళ్లో నా పరువు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కానీ జ్వరమనుకుని వైద్యం చేస్తే పిల్ల దక్కదు. అందుకని చెప్పేశాను.

“సాబ్, బెల్లడోనా ఎక్కువ వడ్డది. నేను కొలవకుంట పోసిన.”

డాక్టర్ సాబు హైదరాబాదు మనిషి, కోపం ముక్కు మీద ఉండేది. ఆ క్షణం మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. గొట్టం వేసి పిల్ల కడుపు కడిగించాడు. గదిలో వెలుతురు తగ్గించి, తడిగుడ్డలు వేయించి, పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి పిల్ల వేళ్లు నెమ్మదించాయి. మరునాడు పొద్దున తండ్రిని గుర్తుపట్టి నీళ్లడిగింది. నేను దవాఖాన వెనక్కి పోయి గోడ పట్టుకుని ఏడ్చాను.

అప్పుడు డాక్టర్ సాబు నన్ను పిలిచాడు.

“నాకు చెప్పినవ్, మంచిదే. ఎల్లయ్యకు ఎవరు చెప్తరు?”

నేనే చెప్పాను. ఎల్లయ్య పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. “మేం గాలి అనుకున్నం. నువ్వా?” అన్నాడు, అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తరువాత ఎన్నేళ్లు దవాఖానకు వచ్చినా నా చేతి నుంచి సీసా తీసుకోలేదు. డాక్టర్ ఇస్తేనే తీసుకునేవాడు. అది అతని హక్కు. నన్ను క్షమించాడని కల్పించి రాయడం నాకు చేతకాదు.

మల్లవ్వ దగ్గర తాళం చెవి

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. డాక్టర్ సాబు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కూర్చోబెట్టి, నిద్ర ఎట్లా పడుతుంది, ఏడాదిలో ఎన్నిసార్లు దిగులు వస్తుంది, ఎన్నిసార్లు హుషారు వస్తుంది, అన్నీ అడిగాడు. అంతకు ముందు నన్ను అవి అడిగినవాళ్లు లేరు. అందరూ చేయి గురించే అడిగేవాళ్లు. అంతా విని ఆయన చెప్పింది ఈ రోజు చెప్పినట్టు గుర్తుంది.

“నీ చెయ్యి మీద నీకు అనుమానం ఉంది. గందుకే దానితోని తప్పు కాలే. మనసు మీద నీకు అనుమానమే లేదు. తప్పు గాడ అయింది.”

తరువాత నా నడుము నుంచి తాళం చెవి అడిగి తీసుకుని, మల్లవ్వను పిలిచి ఆమె చేతిలో పెట్టాడు. మల్లవ్వ దవాఖాన ఊడ్చి, కట్లు ఉతికే ఆయా. అరవై ఏళ్లు ఉంటాయి, అక్షరం ముక్క రాదు. రోజూ పొద్దున నన్ను చూసి, బాగున్నానని ఆమెకు అనిపిస్తేనే చెవి ఇవ్వాలి, లేకపోతే ఆ రోజు విషాలు తానే కొలుస్తానన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పరీక్ష పాసైన కంపౌండర్‌ని, ఊడ్చే ఆమె ముందు చేయి చాపాలా? ఆమె కులం గురించి కూడా మనసులో అనుకున్నాను. ఆ బుద్ధికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, అందుకే రాస్తున్నాను.

మల్లవ్వ పరీక్ష చాలా చిన్నది. రోజూ నేను లోపలికి రాగానే రాత్రి ఏం తిన్నావని అడిగేది. బాగున్న రోజు జొన్నరొట్టె అని చెప్పి పనిలో పడేవాణ్ణి. దిగులు రోజుల్లో జవాబు వచ్చేది కాదు. హుషారు రోజుల్లో రొట్టె దగ్గర మొదలుపెట్టి, జొన్నల ధర మీదుగా నేను కట్టబోయే కొత్త దవాఖాన దాకా పోయేవాణ్ణి. ఆమె అంతా విని, చెవి కట్టుకున్న కొంగుకు ఇంకో ముడి వేసుకునేది. “ఇయ్యాల ఇయ్య. పోయి పొడి మందుల పొట్లాలు కట్టుకో,” అనేది. ఎంత గొడవ చేసినా ఇచ్చేది కాదు. ఒకసారి ఉద్యోగం తీయిస్తానని బెదిరించాను. తీయించు, చెవి మాత్రం ఇయ్య అంది.

ఇంకో మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బాగా దిగులుగా ఉన్న రోజుల్లో ఆ అల్మారీ నాకు వేరే రకంగా గుర్తొచ్చేది. రోగుల కోసం కాదు, నా కోసం. మల్లవ్వకు నేను చెప్పకుండానే తెలిసింది. ఆ రోజుల్లో నన్ను ఒంటరిగా వదిలేది కాదు. పక్కన కూర్చుని, కత్తెర నా చేతికిచ్చి, గాట్ల పట్టీలు కత్తిరించమనేది. చేయి వణుకుతుంటే వణకనీ, వంకరైతే కానీ అనేది. ఒకనాడు నేను బతికి ఎవరికి ఉపయోగమని ఆమెతోనే అన్నాను.

“నా కొంగుకు గీ బరువు ఎందుకు కట్టుకున్న అనుకుంటున్నవ్ బిడ్డా? దవాఖాన కోసమా?” అంది.

నేను కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. మీలో ఎవరికైనా అట్లాంటి రోజులు వస్తే, విషం దగ్గరి నుంచి లేచి మనిషి దగ్గరికి పొండి. చెప్పుకోవడం నామోషీ కాదు. నేను చెప్పుకున్నాను, బతికాను, మనవళ్లను ఎత్తుకున్నాను.

కొత్త డాక్టరు

ఐదేళ్లు అట్లా గడిచాయి. తరువాత ఆ డాక్టర్ సాబు బదిలీ అయి, కుర్ర డాక్టర్ ఒకాయన వచ్చాడు. బాగా చదువుకున్నవాడు, రూలంటే రూలే. విషాల అల్మారీ చెవి ఆయా కొంగున ఉండటం చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఏదో అబద్ధం చెప్పి నా పరువు నేను నిలబెట్టుకోవచ్చు. చెప్పలేదు. చేయి సంగతి, మనసు సంగతి, నంగునూరు పిల్ల సంగతి, ఉన్నదున్నట్టు చెప్పాను. విన్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది. మల్లవ్వ దగ్గర చెవి తీసుకుని నా ముందు బల్ల మీద పెట్టాడు.

“నువ్వు కంపౌండర్‌వైతే గిది నీ దగ్గర పెట్టుకో. కావంటే ఇంటికి పో. నెల చూస్త. ఒక్క తప్పైనా పైకి రాస్త.”

 మల్లవ్వ నన్ను రాత్రి ఏం తిన్నావని అడగడం కూడా ఆయన మాన్పించాడు. పనివేళ ముచ్చట్లేమిటన్నాడు. ఐదేళ్ల కింద చెవి తిరిగి నా నడుముకు వస్తే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడు అది తాకినప్పుడల్లా మల్లవ్వ కొంగు గుర్తొచ్చేది.

మూడు వారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. వానాకాలం, మలేరియా జ్వరాల రోజులు. నెల నిండటానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, ఒక పొద్దున తెల్లారకముందే మెలకువ వచ్చింది. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. దవాఖానకు అందరికంటే ముందు పోయాను. కిటికీ బయట వేములఘాట్ లాంటి దూరపు ఊళ్ల నుంచి కూడా వచ్చినవాళ్లు వరుసగా కూర్చున్నారు. వాళ్లను ఎందుకు ఆగమనాలి, అందరికీ కావాల్సింది జ్వరం మందే కదా అనిపించింది. లోపలికి సీసాలు తీసుకుని నింపడం మొదలుపెట్టాను. చకచకా సాగుతోంది. చేయి ఇంత బాగా ఎప్పుడూ లేదనుకున్నాను.

పదో సీసా నింపి, పట్టీ కోసం చేయి చాపినప్పుడు చీటీ వెతికాను, ఎన్ని పూటలకు గాట్లు పెట్టాలో చూద్దామని. చీటీ లేదు. ఏ సీసాకూ చీటీ లేదు. డాక్టర్ ఇంకా రాలేదు. ఎవరినీ పరీక్షించలేదు, ఎవరికీ మందు రాయలేదు. నేను పది మందికి మందు పోసేశాను.  అప్పుడు చేయి వైపు చూశాను. అది వణుకుతూనే ఉంది, ఎప్పటికంటే ఎక్కువే. బల్లంతా మందు ఒలికి ఉంది. అప్పటిదాకా నా కంటికి ఆనలేదు.

పది సీసాలూ తూములో పారబోశాను. నా అంతట నేను తెలుసుకోవడం అదే మొదటిసారి. ఒకరు అడగకుండా, ఒకరు ఆపకుండా, హుషారులో ఉండగానే హుషారని తెలుసుకున్నాను. కానీ ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. జాగ్రత్తగా ఉంటే ఈ ఒక్క పూట గడిచిపోతుందిలే అని కూడా ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన కూడా ఆ హుషారుదే. దాన్ని నమ్మలేదు.

డాక్టర్ రాగానే, వరుసలో అందరూ చూస్తుండగా ఎదురుపోయి చెవి ఆయన చేతిలో పెట్టాను.

“సాబ్, ఇయ్యాల నేను మంచిగ లేను. మందు మీరు పొయ్యున్రి, నేను చీటీలు చదువుత.”

ఆయన నా మొహం చూశాడు, తరువాత బల్ల మీద ఒలికిన మందు చూశాడు. ఎవరికైనా ఇచ్చావా అని అడిగాడు. ఇవ్వలేదని, పారబోశానని చెప్పాను.  కాగితం తీసి పైకి రాస్తాడనే అనుకున్నాను.

“తప్పైనంక చెప్పినోళ్లను చూసిన. కాకముందుకు చెప్పిన కంపౌండర్‌ను నిన్నే చూసిన,” అన్నాడు.

తరువాత వరుసలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పరీక్షించి చీటీలు రాశాడు. కోటు తీసి కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు మడిచి, వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. నేను చీటీ తీసుకుని చదివాను. ఆయన కొలిచాడు. మల్లవ్వ సీసాలు అందించింది. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా ముగ్గురం అట్లాగే మందు పోశాం. చివరి సీసా ఇచ్చాక ఆయన చేతులు తుడుచుకుంటూ, రేపటి సంగతేమిటని అడిగాడు.

“రేపు పొద్దుగాల చెప్త సాబ్,” అన్నాను.

“రోజూ చెప్పాలె,” అన్నాడు.

చెప్పాను. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనకు చెప్పాను, తరువాత వచ్చిన ప్రతి డాక్టరుకూ మొదటి రోజే నా రెండు జబ్బుల సంగతీ చెప్పి, రోజూ పొద్దున బాగున్నాను లేదా బాగాలేను అని చెప్పాకే పనిలో కూర్చున్నాను. ఉద్యోగం దిగిన రోజు పొద్దున కూడా చెప్పాను. బాగున్నానన్నాను, ఆ రోజు మందు నేనే పోశాను.